గృహ యంత్ర విజ్ఞానము: సాక్షిని శిక్షింపరాదు

ఇంటిలోని ప్రతి వస్తువు పోకడ ఇల్లాలికి తెలిసినట్లు వేఱొకరికి తెలియదు. రోటికి కక్కు కొట్టింపవలసిన కాలమెప్పుడో, పొయ్యిమంట యెందులకు పసుపువన్నెకు తిరిగినదో, పాలు కాగునప్పటి చప్పుడునకును పొంగబోవునప్పటి చప్పుడునకును భేదమేమో ఆమెకు ఒకరు చెప్పవలసిన పనిలేదు. అట్టి యామె, వాకిటనున్న కారు మాట వచ్చునప్పటికి మాత్రము, అది తనకు పట్టని సంగతియని తలచి ప్రక్కకు తొలగుచున్నది. ఇది సరికాదని మా యభిప్రాయము. కారును ఇంటి వస్తువే; దానికగు ఖర్చును ఇంటి ఖర్చే. దాని చప్పుడులను దినదినము వినునది తఱచుగా ఆమెయే.

ఈ నెల మేము కారునందలి యొక చిన్న దీపమును గూర్చి వ్రాయదలచితిమి. అమీన్‌పూరునుండి యొక సోదరి మాకు వ్రాసిన లేఖ యిందులకు కారణము. ఆమెకు వచ్చిన చిక్కు ఆమె యొక్కతెదే కాదనియు, కారున్న ప్రతి యింటను ఎప్పుడో యొకప్పుడు రాగలదనియు మాకు తోచినది.

ఆ సోదరి భర్తగారు పటాన్‌చెరువులోని యొక కర్మాగారమున షిఫ్టు పని చేయుచున్నారు. పిల్లలనిద్దరిని బడికి దింపుట, అంగడికి పోవుట, అత్తగారిని రామచంద్రాపురమున వైద్యునికి చూపుట మొదలగు పనులన్నియు ఆమెయే పెట్రోలు కారు నడుపుకొనుచు నెఱవేర్చుకొనును. నాలుగు మాసముల క్రిందట డ్యాష్‌బోర్డుమీద ఇంజను బొమ్మగల పసుపు దీపము వెలిగినది. షెడ్డులోని మెకానికు స్కానరు తగిలించి చూచి, ఆక్సిజన్ సెన్సరు పోయినదని చెప్పి క్రొత్తది వేసెను. తొమ్మిది దినములకు దీపము మరల వెలిగినది. వేసినది నకిలీదై యుండునని తలచి, కంపెనీ సరుకు తెప్పించి మఱియొకటి వేసిరి. మూడు వారములు గడచినవి. దీపము మూడవమారు వెలిగినది. ఈసారి మెకానికు రెండు మార్గములు చూపెను. పొగగొట్టములోని క్యాటలిటిక్ కన్వర్టరును మార్చుట మొదటిది. దాని వెల ఆమె యింటి రెండు మాసముల ఖర్చునకు సమానము. ఆ దీపమే వెలుగకుండ వైరు తప్పించుట రెండవది. దానికి కొద్ది రూకలు చాలును. చీటీ డబ్బు తీసి మొదటిది చేయింపవలెనా, కన్ను మూసికొని రెండవది చేయింపవలెనా యని ఆమె ప్రశ్న.

రెండును వలదని మా యుత్తరము. ఎందులకో విన్నవింతుము.

ముందుగా ఈ సెన్సరు చేయు పనియేమో తెలిసికొందము. గ్యాసుపొయ్యిని చూడుడు. గ్యాసునకు తగినంత గాలి కలిసినప్పుడు మంట నీలముగా నుండును. గిన్నె యడుగు శుభ్రముగా నుండును. గాలి తగ్గినచో మంట పసుపువన్నెకు తిరిగి గిన్నె మసిబారును. గాలి మఱీ హెచ్చినచో మంట బర్నరును విడిచి లేచుచు, ఆరిపోవచ్చును. కారు ఇంజనులో జరుగునదియు నిట్టి మంటయే. ఒక కిలో పెట్రోలు సరిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. గాలి యింతకు తగ్గినచో ఇంధనము కొంత మండక పొగతోపాటు పోవును. హెచ్చినచో ఇంజను తడబడును. పొయ్యివద్దనైనచో మంటను కంటితో చూచి సవరింతుము. ఇంజనులోని మంటను చూచువారెవరు? లేరు గనుకనే పొగను పరీక్షించి చెప్పు పరికరమొకటి కావలసివచ్చినది. అదియే ఆక్సిజన్ సెన్సరు. పాత పాఠ్యపుస్తకములలో ఆమ్లజని యనియు, వాడుకలో ప్రాణవాయువనియు పిలువబడు వాయువు, మండగా మిగిలి పొగలో నెంత యున్నదో అది చెప్పును.

ఈ పరికరము బొటనవ్రేలంత యుండును. దాని లోపల జిర్కోనియా యను పింగాణివంటి పదార్థముతో చేసిన చిన్న గొట్టము కలదు. ఆ గొట్టమునకు వెలుపలి ప్రక్క పొగ, లోపలి ప్రక్క బయటిగాలి తగులుచుండును. అది సుమారు 300 డిగ్రీలకు మించి వేడెక్కినప్పుడు, ఈ రెండు ప్రక్కల ఆక్సిజన్ భేదమునుబట్టి కొద్దిపాటి విద్యుత్తు పుట్టును. ఇంధనము హెచ్చి పొగలో ఆక్సిజన్ మిగులనప్పుడు 0.9 వోల్టు దరిదాపునను, గాలి హెచ్చి ఆక్సిజన్ మిగిలినప్పుడు 0.1 వోల్టు దరిదాపునను ఆ విద్యుత్తు ఉండును. ఇంజనును నడిపించు కంప్యూటరు ఈ మాట వినుచు, వంటలో ఉప్పు సరిచూచినట్లు, పెట్రోలును హెచ్చించుచు తగ్గించుచు నుండును. జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు వాల్తేర్ నెర్న్‌స్ట్ 1889లో కనుగొనిన సూత్రమే దీనికి మూలము. ఆయనకు 1920 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది. జర్మనీలోని బాష్ కంపెనీ చేసిన యీ సెన్సరును, 1976లో స్వీడన్ దేశపు వోల్వో కంపెనీ అమెరికాకు పంపిన కార్లలో మొదటిసారి అమర్చిరి.

మన దేశమున 1995లో నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు క్యాటలిటిక్ కన్వర్టరును విధించిరి. ఇది పొగలోని విషవాయువులను హానిలేని వాయువులుగా మార్చు పెట్టె. ప్లాటినము, పల్లాడియము, రోడియము అను విలువగల లోహములు దీనిలో నుండుటచేతనే దీని వెల అంత యెక్కువ. సీసము కలిసిన పెట్రోలు ఈ పెట్టెను, సెన్సరును గూడ పాడుచేయును. అట్టి పెట్రోలును 2000 ఫిబ్రవరి 1 నాటికి దేశమంతట మానిపించిరి. తరువాత కారు తన లోపమును తానే కనిపెట్టి దీపము వెలిగించు పద్ధతి నిర్బంధమైనది. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నిబంధనలు దేశమంతట అమలునకు వచ్చిన పిమ్మట ఆ పద్ధతి మఱింత కట్టుదిట్టమైనది. ఇప్పటి కార్లలో కన్వర్టరునకు ముందొక సెన్సరు, వెనుక నొకటి యుండుట సామాన్యము. ముందుది మంటను గూర్చి చెప్పును. వెనుకది కన్వర్టరు తన పని చేయుచున్నదో లేదో చెప్పును.

ఇక అసలు సంగతి. ఊరిలో దొంగలు పడిరని కేకవేసిన తలారినే పట్టి కొట్టుదుమా? సెన్సరు తలారివంటిది. పొగలో గాలి యెక్కువగా నున్నదని అది చెప్పినప్పుడు, నిజముగా గాలి యెక్కువగానే యుండవచ్చును. ఆ గాలి యెక్కడినుండి వచ్చినదో వెదకుటకు మాఱుగా, చెప్పినదానిని తీసిపారవేసి క్రొత్తదానిని పెట్టినచో, క్రొత్తదియు ఆ మాటయే చెప్పును. మన సోదరికి జరిగినదిదియే.

స్కానరు చూపునది యొక గుఱుతు సంఖ్య. మెకానికులు దీనిని కోడు అందురు. పి-0131 యనగా ముందటి సెన్సరునుండి వచ్చు విద్యుత్తు తక్కువగా నున్నదని యర్థము. పి-0135 యనగా ఆ సెన్సరును వేడిచేయు తీగ దారిలో లోపమున్నదని. పి-0171 యనగా గాలి హెచ్చు, ఇంధనము తక్కువయని. పి-0172 దానికి విరుద్ధము. పి-0420 యనగా కన్వర్టరు పని చాలుటలేదని. వీనిలో ఏదియు సెన్సరు చచ్చినదని చెప్పుటలేదు. జ్వరమున్నదని చెప్పిన థర్మామీటరు, ఆ జ్వరమునకు మూలము చెప్పదు గదా!

ఇంకొక లెక్క చూడుడు. వేడితీగ గల నేటి సెన్సరు సామాన్యముగా 1,60,000 కిలోమీటర్ల వఱకు పనిచేయవలసినది. అంత యాయుస్సుగల వస్తువు ఒకే కారులో రెండు మాసములలో రెండుమారులు చచ్చెననుట నమ్మదగిన మాట కాదు. మఱి మార్చిన ప్రతిమారు దీపమేల ఆరినది? సెన్సరు మార్చుటవలన గాదు, స్కానరుతో కోడును చెరిపివేయుటవలన ఆరినది. చెరిపిన పిమ్మట కారు తన పరీక్షలను మరల మొదటినుండి చేసికొనవలెను. ఇట్టి లోపములు పెక్కింటి విషయమున, వరుసగా రెండు ప్రయాణములలో అదే దోషము కనబడినగాని కంప్యూటరు దీపమును వెలిగింపదు. పరీక్షకు తగినంత దూరము, తగినంత వేడి కుదురునప్పటికి కొన్ని దినములు పట్టును. ఆ తొమ్మిది దినముల ఊరట అట్టిది. పలక తుడిచినంతమాత్రమున లెక్క సరియైనట్లు కాదు.

దీపము మాటిమాటికి వెలుగుటకు గల కారణములు నాలుగు తెగలు.

మొదటి తెగ: సెన్సరు చెప్పునది నిజము, దోషము వేఱొకచోట నున్నది. ఇంజనులోనికి పోవు రబ్బరు గొట్టము పగిలి దొంగగాలి చొరబడవచ్చును. పెట్రోలు పంపు బలము తగ్గవచ్చును, లేదా ఫిల్టరు పూడవచ్చును. ఇంజనుకును పొగగొట్టమునకును నడుమ నుండు ప్యాకింగు కాలిపోయి సందు పడవచ్చును. ఈ కడపటిది మిక్కిలి మాయావి. పొగ బయటికి పోవునేగాని గాలి లోపలి కెట్లు వచ్చునని యడుగుదురు. పొగ యొకే ధారగా పోదు. ఊపిరివలె వెలువడుచు, ఆగుచు పోవును. ఆ నడుమ క్షణములలో గొట్టము బయటిగాలిని సందుగుండ లోనికి పీల్చుకొనును. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూచి సెన్సరు, మంటలో గాలి హెచ్చినదని చెప్పును. కంప్యూటరు ఆ మాట నమ్మి పెట్రోలు హెచ్చించును. మంట నిజముగా సరిగానున్నను పెట్రోలు వృథాగా పోవును. మండని పెట్రోలు కన్వర్టరులో చేరి దానిని వేడెక్కించి పాడుచేయును. ఈ విధముగా పది రూపాయల చిల్లు పదివేల నష్టమును తెచ్చును.

రెండవ తెగ: సెన్సరు మంచిదే, దాని మాట వచ్చు దారి చెడినది. అమీన్‌పూరు, బీరంగూడ ప్రాంతముల క్రొత్త కాలనీల నడుమ ఇంకను ఖాళీ ప్లాట్లు, తుప్పలు కలవు. వానకాలమున ఎలుకలు వెచ్చదనమునకై బొనెట్టు క్రింద చేరి వైర్ల తొడుగును కొఱుకును. నీరు నిలిచిన రోడ్లలో నడుపుటవలన కనెక్టరులో తేమ చేరి చిలుము పట్టును. ఫ్యూజు పోయినను వేడితీగ పనిచేయదు. ఇచ్చట నొక హెచ్చరిక. తెగిన సెన్సరు వైరును టంకము వేసి అతికించుటయు, కనెక్టరులో గ్రీజు పూయుటయు తగదు. పలు సెన్సరులకు లోపలి ప్రక్క కావలసిన బయటిగాలి ఆ వైరు పోగుల సందులనుండియే పోవును. ఆ దారి మూసినచో మంచి సెన్సరును తప్పు చెప్పును.

మూడవ తెగ: సెన్సరు నిజముగానే చచ్చినది, కాని దానిని చంపినది వేఱొకటి. ప్యాకింగు బదులు పూయు కొన్ని రకముల సిలికాన్ పేస్టునుండి లేచు ఆవిరి సెన్సరుపై తెల్లని పొరగా పేరుకొని దానిని కప్పివేయును. ఇంజను ఆయిలు మండినను, కూలెంటు ఇంజనులోనికి కారినను ఇట్లే జరుగును. హంతకుని పట్టుకొనక క్రొత్త సెన్సరు వేసినచో దానికిని అదే గతి.

నాలుగవ తెగ: వార్ధక్యము. కారు లక్షన్నర కిలోమీటర్లు దాటి, సెన్సరు ఎన్నడును మార్చనిదై, పై మూడును లేవని తేలినప్పుడు, మార్చుట న్యాయము.

వీనికి తోడు మఱి రెండు సంగతులు తలపవలెను. పిల్లల బడి రెండు మూడు కిలోమీటర్ల దూరమున నున్నచో, కారు పూర్తిగా వేడెక్కకముందే ఆగును. పొగలోని నీటియావిరి గొట్టములో నీరుగా నిలిచి తుప్పు పట్టించును. సెన్సరుపై మసి పేరుకొనును. అట్టి కారును వారమున కొకమారైనను ఔటర్ రింగురోడ్డువంటి దారిలో అరగంట నడుపుట మేలు. రెండవది, పెట్రోలులో కలుపు ఇథనాలు. 2022లో దేశమున నూటికి 10 వంతులకు చేరిన యీ మిశ్రమము 2025లో 20 వంతులకు చేరినది. ఇథనాలు మండుటకు పెట్రోలుకంటె తక్కువ గాలి చాలును. కావున సెన్సరు మాట విని కంప్యూటరు ఇంధనమును కొంత హెచ్చింపవలసివచ్చును. బాగుగానున్న కారు ఈ మార్పును సర్దుకొనును. ముందే పంపు బలము తగ్గియో, గొట్టము పగిలియో యున్న కారున కిది గోరుచుట్టుపై రోకటిపోటగును.

కావున పరీక్షించు క్రమమిది. మొదట కోడును చెరుపక ముందే కాగితముమీద వ్రాసికొనవలెను. దోషము కనబడినప్పుడు ఇంజను వేడి యెంత, వేగమెంత యను వివరములును కంప్యూటరు దాచియుంచును. వానిని చెరుపకుండ చూడుమని మెకానికును అడుగవలెను. రెండవది, రాత్రియంతయు చల్లారిన ఇంజనును తెల్లవాఱి ప్రారంభించునప్పుడు చప్పుడు వినవలెను, పొగగొట్టము అతుకులవద్ద నల్లని మసిచార యున్నదేమో చూడవలెను. చల్లగా నున్నప్పుడే అతుకులపై సబ్బునీరు చల్లి ప్రారంభించినచో, సందున్నచోట బుడగలు లేచును. మూడవది, వైరును, కనెక్టరును, ఫ్యూజును చూచి, వేడితీగకు విద్యుత్తు వచ్చుచున్నదో లేదో మీటరుతో కొలువవలెను. నాలుగవది, ఇంజను వేడెక్కిన పిమ్మట సెన్సరు వోల్టును స్కానరులో చూడవలెను. అది 0.1కిని 0.9కిని నడుమ చుఱుకుగా ఊగుచున్నచో సెన్సరు బ్రతికియున్నట్లే. ఒకచోటనే నిలిచియున్నచో, బుద్ధిపూర్వకముగా కొంచెము గాలినో ఇంధనమునో హెచ్చించి చూడవలెను. అప్పుడు మాట మార్చినచో సెన్సరు నిర్దోషి. కొన్ని క్రొత్త కార్లలో వేఱు రకపు సెన్సరు లుండును. వాని లెక్కలు ఆ కారు పుస్తకమునుబట్టి చూడవలెను.

అయిదవది మిక్కిలి ముఖ్యము. కంప్యూటరు తాను హెచ్చించిన ఇంధనమెంతయో నూటికి ఇన్ని వంతులని స్కానరులో చూపును. దీనిని ఫ్యూయెల్ ట్రిమ్ అందురు. కారు నిలిచియున్నప్పుడు ఆ యంకె హెచ్చుగానుండి, ఇంజను వేగము నిమిషమునకు 2500 చుట్లకు పెంచినప్పుడు తగ్గినచో, రబ్బరు గొట్టములలో దొంగగాలి యున్నదని అనుమానింపవలెను. వేగముతోపాటు ఆ యంకెయు పెరుగుచున్నచో పెట్రోలు సరఫరాను అనుమానింపవలెను. ఈ యైదింటికి గంటసేపు చాలును. వీనికి కొనవలసిన సామాను ఏదియు లేదు.

మేము ఆ సోదరికి ఈ క్రమము వ్రాసి, మీకు చప్పుడులో నేమైన భేదము తోచినదా యని యడిగితిమి. ఆమె యుత్తరము చదువగా మాకు సంతోషమును, ఖేదమును గూడ కలిగినవి. వేకువను కారు ప్రారంభింపగనే టక్కుటక్కుమని చప్పుడు వచ్చుచుండెననియు, బీరంగూడ చౌరస్తా చేరులోపల ఆగిపోవుచుండెననియు, దీపము వెలుగుటకు పదిదినముల ముందునుండియు తాను వినుచున్నాననియు ఆమె వ్రాసినది. ఆ మాట షెడ్డులో చెప్పగా, “పొద్దుగాల అన్ని బండ్లు గట్లనే సప్పుడు జేస్తయి మేడం” అని నవ్విరట. పిమ్మట ఆమె ఆ మాట మఱెవ్వరితోను అనలేదు.

ఆ మెకానికు అబద్ధమాడలేదు. కారు షెడ్డు చేరునప్పటికి ఇంజను వేడెక్కి, ఇనుము వ్యాకోచించి, సందు ఇంచుమించుగా మూసికొని, చప్పుడు ఆగిపోవుచుండెను. అతడు విననిదానిని ఆమె వినుచుండెను. మా సలహాపై ఆమె సాయంకాలము కారును షెడ్డులోనే విడిచి, మఱునాటి యుదయము తానును ఎదుట నిలిచి, చల్లని ఇంజనును ప్రారంభింపించినది. పొగగొట్టము ఇంజనును కలియుచోట సబ్బునీరు బుడబుడలాడినది. ప్యాకింగు ఒక మూల కాలి నల్లనైయున్నది. ఒక నట్టు వదులై యున్నది. క్రొత్త ప్యాకింగు, రెండు నట్లు వేసిరి. సెన్సరును మార్చలేదు, కన్వర్టరును ముట్టలేదు. ఆరు వారములైనను దీపము వెలుగలేదనియు, పెట్రోలు ఖర్చు తగ్గినదనియు ఆమె వ్రాసినది. చీటీ డబ్బు చీటీలోనే యున్నది.

దీపము వైరు తప్పించు సలహాను గూర్చి యొక మాట. ఇది దోషమును దాచుటయేగాని తీర్చుట కాదు. ఆమె కారులో పగిలినది పొగగొట్టపు కూర్పు. అట్టి సందునుండి వెలువడు పొగలో కార్బన్ మోనాక్సైడను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. అది కారులోపలికి చేరినచో ముందు తలనొప్పి, తల తిరుగుట కలుగును. హెచ్చినచో ప్రాణమునకే ముప్పు. వెనుక సీటులో కూర్చుండువారు మన పిల్లలు. కావున కారులోనికి పొగవాసన వచ్చుచున్నచో అద్దములు దింపుకొని, ఆలస్యము చేయక బాగుచేయింపవలెను. మూసిన గ్యారేజీలో ఇంజనును ఎన్నడును నడిపి యుంచరాదు.

మఱియు ఆ పొగ మన యింటివద్దనే నిలుచును. పటాన్‌చెరువు-బొల్లారం ప్రాంతమును 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రదేశములలో చేర్చినది. ఆ ప్రాంతపు చెంతనే యున్న అమీన్‌పూరు పెద్దచెఱువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. నగర ప్రాంతమున ఒక జలాశయమునకు అట్టి గౌరవము దక్కుట దేశమున అదియే మొదలు. ఆ గాలి పీల్చువారు, ఆ గట్టుమీద పక్షులను చూపుటకు పిల్లలను తీసికొనిపోవువారు, తమ కారు పొగను గూర్చి చెప్పు దీపము నోరు కట్టివేయుట తగునా?

పసుపు దీపము నిలుకడగా వెలుగుచున్నచో భయపడక, వేగము తగ్గించి, రెండు మూడు దినములలో చూపింపవచ్చును. అది మినుకుమినుకుమని కొట్టుకొనుచున్నచో మాత్రము మంట తప్పి పెట్రోలు మండకుండ పోవుచున్నదని యర్థము. కన్వర్టరు కొద్దిసేపటిలో చెడగలదు. అప్పుడు సురక్షితమైన చోట కారును ఆపుటయే మంచిది.

మెకానికులయందు మాకు ద్వేషములేదు. వారిలో పెక్కురు ఎండలో, మసిలో కష్టించు నేర్పరులు. అయితే గంటసేపు వెదకినందుకు కూలి యిచ్చుటకు మనము వెనుదీయుదుము. సామాను మార్చినందుకు మాత్రము మాఱుమాట లేక యిత్తుము. వెదకుటకు కూలి లేనప్పుడు వెదకువారెవరు? కావున, “అన్నా, పరీక్షకు వేఱుగా కూలి యిచ్చెదను, కారణము చూపిన పిమ్మటనే సామాను వేయుము” అని ముందుగా చెప్పుట మంచి పద్ధతి. తరువాత ఈ ప్రశ్న లడుగుడు. కోడు ఏమి? ఆ కోడు సెన్సరునే చూపుచున్నదా, సెన్సరు చెప్పిన మాటను చూపుచున్నదా? పొగగొట్టపు కూర్పులను చల్లగానున్నప్పుడు చూచితిరా? వైరును, ఫ్యూజును కొలిచితిరా? క్రొత్తది వేసినచో పాతదానిని, బిల్లును నా కిత్తురా? ఈ ప్రశ్నలకు కోపగించువానివద్దకు మరల పోనక్కరలేదు. ఓపికతో చెప్పువానిని విడువనక్కరలేదు.

కారులో నొక చిన్న నోటుపుస్తక ముంచుకొనుడు. దీపము వెలిగిన తేది, అప్పటికి తిరిగిన కిలోమీటర్లు, ఇంజను చల్లగా నున్నదా వేడిగా నున్నదా, పెట్రోలు ఎప్పుడు పోయించినది, అంతకుముందు ఏ పని చేయించినది, క్రొత్తగా విన్న చప్పుడు, క్రొత్తగా తోచిన వాసన—వీనిని రెండు పంక్తులలో వ్రాసికొనుడు. పాలవాని లెక్క, చాకలి పద్దు వ్రాయు చేతులకు ఇది యొక పనికాదు. మీరు విన్న చప్పుడును ఎవరైన నవ్వి త్రోసివేసినను, ఆ పంక్తిని కొట్టివేయకుడు. వచ్చు నెల బ్యాటరీని, దాని యాయుస్సును గూర్చి వ్రాయుదుము.